గృహ సర్వరు ప్రయోగశాల

గృహ సర్వరు ప్రయోగశాల అనగా ఇంటిలోనే ఒకటి లేదా కొన్ని చిన్న కంప్యూటర్లను ఎల్లవేళలా నడుపుతూ, కుటుంబానికి చెందిన ఫైళ్ళను భద్రపరచుకొనుటకు, ఇంటి నెట్‌వర్కుకు కావలసిన సేవలు అందించుటకు, కంప్యూటరు విద్యను ప్రయోగపూర్వకంగా అభ్యసించుటకు ఏర్పరచుకొనే వ్యవస్థ. ఇంగ్లీషులో దీనిని క్లుప్తంగా హోమ్‌ల్యాబ్ అని వ్యవహరిస్తారు. ఇది నివాస గృహంలో ఉండవలసినది కనుక తక్కువ స్థలం ఆక్రమించుట, శబ్దం చేయకుండుట, తక్కువ విద్యుత్తును వాడుకొనుట దీనికి ముఖ్య లక్షణాలు.

సముద్రతీర ప్రాంతాలలో వీటికి తోడు మరి నాలుగు సమస్యలు ఎదురవుతాయి. అవి ఉప్పుగాలి, వేడిమి, విద్యుత్ అంతరాయాలు, తుఫానులు. ఈ నాలుగూ ఒకేచోట కనిపించే శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో నిర్మాణ పద్ధతులు వివరించబడినవి. తీరప్రాంతంలో నిశ్శబ్దమూ మన్నికా వేరువేరు లక్ష్యాలు కావు. తక్కువ వేడిని పుట్టించే యంత్రానికి తక్కువ గాలి సరిపోతుంది. తక్కువ గాలిని లోనికి పీల్చే యంత్రంలోకి ఉప్పు కూడా తక్కువగానే చేరుతుంది. అట్టి యంత్రమే ఇన్వర్టరు బ్యాటరీపై ఎక్కువ గంటలు నడుస్తుంది.

## చరిత్ర

సర్వర్లు మొదట కార్యాలయాలకు, విశ్వవిద్యాలయాలకు పరిమితమైన పెద్ద యంత్రాలు. 2001లో తైవాన్‌కు చెందిన వయా సంస్థ 17 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల వెడల్పు గల మినీ ఐటీఎక్స్ అనే మదర్‌బోర్డు కొలతను ప్రవేశపెట్టడంతో ఇంటిలో ఇమిడే చిన్న కంప్యూటర్లకు దారి ఏర్పడింది. 2007లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ హోమ్ సర్వర్ అనే నిర్వహణ వ్యవస్థను విడుదల చేసింది. 2012 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో విద్యార్థుల కొరకు విడుదలైన రాస్ప్‌బెర్రీ పై, అరచేతిలో ఇమిడే చవక కంప్యూటరుగా ప్రపంచమంతటా వ్యాపించింది. ఇంటెల్ సంస్థ నక్ పేరుతో తెచ్చిన చిన్న పెట్టె కంప్యూటర్లు ఇదే కాలానికి చెందినవి. 2023లో ఇంటెల్ ఆ వ్యాపారాన్ని వదలుకోగా, ఆసుస్ సంస్థ దానిని కొనసాగించింది.

ఉచిత సేవలు మూతపడుట కూడా ఈ అభిరుచి పెరుగుటకు ఒక కారణం. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్, 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు మూతపడినవి. తెలుగువారు అనేక సంవత్సరాల పాటు చర్చలు జరుపుకొన్న వేదికలలో ఈ రెండూ ఉన్నవి. 2021 జూన్ 1 నుండి గూగుల్ ఫోటోస్ అపరిమిత ఉచిత నిల్వను నిలిపివేసింది. దీనితో తమ ఫోటోలను, ఉత్తరాలను, పత్రాలను తమ ఇంటిలోనే ఉంచుకోవలెనన్న ఆలోచన సాధారణ వినియోగదారులలో సైతం కలిగింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు పనికిరాని కార్యాలయపు చిన్న కంప్యూటర్లు అనేకం పాత సామగ్రి విపణికి చేరుతున్నవి. లినక్స్‌తో ఇవి మరి కొన్ని సంవత్సరాలు సర్వర్లుగా పనిచేయగలవు.

## ఉపయోగాలు

* కుటుంబ ఫోటోలు, వీడియోలు, భూమి పత్రాలు, విద్యార్హత పత్రాల నకళ్ళను భద్రపరచుట. ఇందుకు నెక్స్ట్‌క్లౌడ్ (2016), ఇమ్మిచ్ (2022) వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉన్నవి.
* అంతర్జాలం లేనప్పుడు సైతం విజ్ఞాన గ్రంథాలను చదువుట. 2007లో ప్రారంభమైన కివిక్స్ అనే సాఫ్ట్‌వేరు ద్వారా వికీపీడియా ప్రతిని ఇంటి సర్వరులో ఉంచుకొని, ఇంటిలోని ఫోన్లన్నిటిలో చదువవచ్చును. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ప్రతి కూడా ఈ రూపంలో లభిస్తుంది.
* పాటలు, చలనచిత్రాలను ఇంటిలోని టీవీకి అందించుట. 2018లో మొదలైన జెల్లీఫిన్ ఇందుకు వాడబడుతుంది.
* లినక్స్ నిర్వహణ, నెట్‌వర్కింగు, డేటాబేసులు, కంటెయినర్లు నేర్చుకొనుట. పాఠ్యపుస్తకంలో చదివిన విషయాన్ని విద్యార్థి ఇక్కడ స్వయంగా చేసి చూడవచ్చును. పాడైన వ్యవస్థను కొన్ని నిమిషాలలో తొలగించి మరల స్థాపించవచ్చును.
* రొయ్యల చెరువుల పరిశీలన. నెల్లూరు తీర మండలాలలో రొయ్యల పెంపకం ప్రధాన వృత్తులలో ఒకటి. చెరువు నీటిలో కరిగివున్న ప్రాణవాయువు సాధారణంగా తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. సెన్సారు ఇచ్చే కొలతలను 1999లో రూపొందిన ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతి ద్వారా ఇంటి సర్వరుకు చేర్చి, నమోదు చేసి, పరిమితి దాటినపుడు గంట మ్రోగించవచ్చును. అయితే అభిరుచితో కట్టిన వ్యవస్థపైనే పంటను వదలివేయరాదు. ఏరేటర్లకు జనరేటరు, చెరువు గట్టుపై మనిషి కాపలా ఎప్పటివలెనే అవసరం.

## యంత్రం ఎంపిక

గృహ సర్వరుకు మూడు రకాల యంత్రాలు వాడుకలో ఉన్నవి.

ఒంటి పలక కంప్యూటర్లు: రాస్ప్‌బెర్రీ పై వంటివి. విద్యుత్తు వినియోగం అత్యల్పం. ఫైళ్ళ నిల్వ, కివిక్స్, సెన్సార్ల నమోదు వంటి తేలిక పనులకు సరిపోతాయి. మెమరీ కార్డుపై నిరంతరం వ్రాయుట వలన ఆ కార్డు త్వరగా పాడగును. అందువలన నిర్వహణ వ్యవస్థను ఎస్‌ఎస్‌డిలో ఉంచుట మేలు.

చిన్న పెట్టె కంప్యూటర్లు: లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పి ఎలైట్‌డెస్క్ మినీ అనేవి సుమారు ఒక లీటరు ఘనపరిమాణం గలవి. కార్యాలయాలు మార్చివేసిన ఇటువంటి యంత్రాలు చెన్నైలోని రిచీ స్ట్రీటు, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల దొరుకుతాయి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుకు నాలుగు కోర్లు ఉన్నవి. దాని ఉష్ణ పరిమితి 6 వాట్లు మాత్రమే. అందువలన ఫ్యాను లేకుండా, కేవలం అల్యూమినియం రెక్కలతో చల్లబడే పెట్టెలలో కూడా దీనిని అమర్చుతున్నారు.

పాత ర్యాక్ సర్వర్లు: పాత సామగ్రి విపణిలో ఇవి చవకగా లభించినను ఇంటికి తగినవి కావు. ఒక యూనిట్ ర్యాక్ సర్వరు ఎత్తు 44.45 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో ఇమిడే 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు నిమిషానికి పదివేలకు మించిన భ్రమణాలతో తిరుగుతూ తీవ్రమైన ధ్వని చేస్తాయి. తీరప్రాంతంలో ఇంకొక నష్టం కూడా ఉన్నది. అవి లోనికి లాగే గాలి పరిమాణం ఎక్కువ కనుక వాటిలో పేరుకొనే ఉప్పు కూడా ఎక్కువ.

పాత యంత్రాన్ని కొనునపుడు మదర్‌బోర్డుపై ఆకుపచ్చని లేదా తెల్లని పూత, యుఎస్‌బి రంధ్రాల చుట్టూ తుప్పు ఉన్నవేమో పరిశీలించవలెను. తీరాన వాడి తీసివేసిన యంత్రాలలో ఈ గుర్తులు సాధారణం.

## విద్యుత్తు వినియోగం

సర్వరు సంవత్సరమంతా నడుచును గనుక ఒక్కొక్క వాటు సంవత్సరానికి 8.76 యూనిట్లు అగును. దిగువ పట్టికలో వివిధ వినియోగ స్థాయిలకు సంవత్సరపు లెక్క, 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరీపై నడవగల కాలం ఇవ్వబడినవి. బ్యాటరీలోని 1,800 వాట్-గంటలలో సగం, అనగా 900 వాట్-గంటలు వాడుకొనుటకు తగినవని, ఇన్వర్టరు తనకు తానుగా 15 వాట్లు తీసుకొనునని భావించి ఈ లెక్క వేయబడినది.

| సగటు వినియోగం | ఉదాహరణ | సంవత్సరానికి యూనిట్లు | బ్యాటరీపై కాలం |
|---|---|---|---|
| 5 వాట్లు | ఒంటి పలక కంప్యూటరు | 43.8 | 45 గంటలు |
| 20 వాట్లు | చిన్న పెట్టె, రూటరు కలిపి | 175.2 | సుమారు 26 గంటలు |
| 60 వాట్లు | డెస్క్‌టాప్ కంప్యూటరు | 525.6 | 12 గంటలు |
| 150 వాట్లు | పాత ర్యాక్ సర్వరు | 1,314 | సుమారు ఐదున్నర గంటలు |

ఇంటిలోని సీలింగు ఫ్యాన్లు కూడా అదే బ్యాటరీపై నడిచినచో ఈ కాలం బాగా తగ్గును. బ్యాటరీ పాతబడిన కొలదీ మరింత తగ్గును. ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగపు ఛార్జీలు శ్లాబుల వారీగా పెరుగుతాయి. కనుక సర్వరు వాడే యూనిట్లు ఆ ఇంటి బిల్లులో చివరి శ్లాబు ధరకు లెక్కకు వచ్చునని గ్రహించవలెను.

ఇన్వర్టర్లలో చాలావాటికి సాధారణ పద్ధతి, యుపిఎస్ పద్ధతి అని రెండు అమరికలు ఉంటాయి. సాధారణ పద్ధతిలో విద్యుత్తు పోయినపుడు బ్యాటరీకి మారుటకు పట్టే కాలం ఫ్యాన్లకు, దీపాలకు ఇబ్బంది కలిగించదు గాని కంప్యూటరు ఆగిపోవచ్చును. అందువలన మీటను యుపిఎస్ పద్ధతికి మార్చవలెను. బ్యాటరీ అడుగంటుచున్నపుడు సర్వరు తనంతట తాను సక్రమంగా ఆగిపోవుటకు నెట్‌వర్క్ యుపిఎస్ టూల్స్ అనే సాఫ్ట్‌వేరు వాడబడుతుంది. దీనికి కంప్యూటరుతో సమాచారం పంచుకొనగల యుపిఎస్ కావలెను. విద్యుత్తు తిరిగి వచ్చినపుడు యంత్రం దానంతట అదే మొదలగునట్లు బయోస్‌లో ఏర్పాటు చేసుకొనవలెను.

## శబ్ద నియంత్రణ

శబ్ద తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. గుసగుస మాట సుమారు 30 డెసిబెల్‌లు. 10 డెసిబెల్‌లు పెరిగినచో చెవికి శబ్దం సుమారు రెట్టింపైనట్లు తోచును. భారత ప్రభుత్వం 2000లో చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. పడకగదిలో నిరంతరం నడిచే యంత్రం ఇంతకంటె చాలా తక్కువ శబ్దం చేయవలెను.

సర్వరులో శబ్దానికి ముఖ్య కారణాలు రెండు.

ఫ్యాను: ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గించినచో శబ్దం సుమారు 15 డెసిబెల్‌లు తగ్గును. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ చిన్న ఫ్యాను వేగంగా తిరిగి పంపినంత గాలినే పంపగలదు. అందువలన 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యానును తక్కువ వేగంతో నడుపుట ఉత్తమ మార్గం. ఫ్యాను బేరింగులలోనికి ఉప్పుదుమ్ము చేరినచో కీచుమను శబ్దం మొదలగును. అట్టి ఫ్యానుకు నూనె వేయుటకంటె మార్చివేయుట మేలు.

హార్డ్ డిస్కు: తిరుగుతున్న డిస్కు కంపనం పలకలకు, గోడలకు సోకి శబ్దం పెద్దదగును. డిస్కుకు, పెట్టెకు మధ్య రబ్బరు ముక్కలు ఉంచినచో ఇది తగ్గును. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలు లేవు గనుక శబ్దమే ఉండదు. నిత్యం వాడే సమాచారాన్ని ఎస్‌ఎస్‌డిలోను, అరుదుగా చూసే వాటిని హార్డ్ డిస్కులోను ఉంచుట వాడుకలో ఉన్న పద్ధతి.

సర్వరును మూసిన బీరువాలో ఉంచి శబ్దాన్ని అణచుట తగదు. వేడి వెలుపలికి పోవు మార్గం లేక ఫ్యాను ఇంకా వేగంగా తిరుగును.

## తీరప్రాంత సమస్యలు

### ఉప్పుగాలి

అలలు విరిగినపుడు ఎగసే సూక్ష్మ నీటిబిందువులు ఆరి ఉప్పు రేణువులుగా గాలిలో తేలుతాయి. మధ్యాహ్నం వేళ వీచే సముద్రపు గాలి వీటిని లోతట్టుకు మోసుకొని వస్తుంది. తీరం నుండి దూరం పెరిగిన కొలదీ వీటి పరిమాణం వేగంగా తగ్గును. అందుచేత మైపాడు, కోడూరు, తుమ్మలపెంట వంటి తీరగ్రామాలలోని యంత్రానికి కలిగే నష్టం, తీరానికి సుమారు 20 కిలోమీటర్లు లోపల ఉన్న నెల్లూరు నగరంలోని యంత్రానికి కలుగదు.

పొడిగా ఉన్న ఉప్పు వలన హాని తక్కువ. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటినపుడు సోడియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకొని ద్రవంగా మారును. ఆ ఉప్పునీటి పొర విద్యుద్వాహకం. అది మదర్‌బోర్డుపై గల సన్నని రాగి తీగల నడుమ విద్యుత్తును ప్రవహింపజేసి వాటిని తినివేయును. తీరాన రాత్రివేళల్లోను, వర్షాకాలంలోను ఆర్ద్రత ఈ పరిమితిని తరచుగా దాటును.

అందువలన తీరప్రాంతంలో సర్వరును ఎల్లప్పుడూ నడుపుచుండుటయే దానికి రక్షణ. యంత్రపు స్వల్ప వేడిమి లోపలి గాలి ఆర్ద్రతను తగ్గించును. ఉదాహరణకు 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 80 శాతం ఆర్ద్రత గల గాలి పెట్టెలోపల 40 డిగ్రీలకు వేడెక్కినచో దాని ఆర్ద్రత సుమారు 46 శాతానికి పడిపోవును. వానాకాలంలో నెలల తరబడి ఆపివుంచిన యంత్రానికి ఈ రక్షణ ఉండదు.

ఇతర జాగ్రత్తలు:

* సముద్రం వైపు కిటికీకి ఎదురుగా సర్వరును ఉంచరాదు. ఇంటి లోపలి గది ఉత్తమం. పాత ఇండ్లలో లోపలి గోడకు ఉండే గూడు, ముందుభాగం తెరచి ఉంచినచో, ఫ్యాను లేని చిన్న పెట్టెకు తగిన స్థలం.
* గాలి లోనికి వచ్చే చోట సన్నని వలను అమర్చి నెలకొకసారి మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి తిరిగి పెట్టవలెను. ఈ వల బల్లులను, చీమలను కూడా అడ్డగించును.
* ఇనుప ర్యాకు త్వరగా తుప్పుపట్టును. అల్యూమినియం లేదా చెక్క పలకలు మేలు. ఇంటి నెట్‌వర్కు పరికరాలకు 19 అంగుళాల ర్యాకుకు బదులు 10 అంగుళాల చిన్న ర్యాకు సరిపోవును.
* వాడని తీగ రంధ్రాలకు రబ్బరు మూతలు పెట్టవలెను.
* పక్కన పెట్టిన బ్యాకప్ డిస్కులను సిలికా జెల్ పొట్లాలతో సహా గాలి చొరని డబ్బాలో ఉంచవలెను.

### వేడిమి

నెల్లూరు ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సాధారణం. డేటా సెంటర్లకు సిఫారసు చేయబడిన 18 నుండి 27 డిగ్రీల పరిధి ఇంటిలో సాధ్యం కాదు. హార్డ్ డిస్కుల తయారీదారులు సాధారణంగా 60 డిగ్రీల వరకు అనుమతిస్తారు. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలున్నపుడు మిగిలిన వెసులుబాటు 20 డిగ్రీలు మాత్రమే. కనుక రెండు డిస్కులను ఒకదానికొకటి తాకునట్లు పేర్చరాదు. బ్యాకప్ వంటి బరువైన పనులను తెల్లవారుజాముకు కేటాయించుట మంచిది.

సర్వరు కొరకు మాత్రమే ఏసీ నడుపుట ఖర్చుతో కూడినది. అంతేకాక, విద్యుత్తు పోయి ఏసీ ఆగినపుడు తేమగాలి లోనికి వచ్చి చల్లబడివున్న లోహ భాగాలపై నీటిబిందువులుగా చేరవచ్చును.

### పిడుగులు, భూసంధానం

తీరపు ఇసుక నేల ఎండినపుడు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. తడిసినపుడు ప్రసరింపజేసినను, అందులోని ఉప్పు భూసంధానపు కడ్డీని తినివేయును. అందుచేత ఎర్తింగును సంవత్సరానికొకసారి ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించవలెను. రాగి టెలిఫోను తీగ ద్వారా పిడుగు తాకిడి ఇంటిలోని పరికరాలకు చేరగలదు. ఆప్టికల్ ఫైబరు గాజుతో చేసినది గనుక ఆ మార్గంలో ఈ ప్రమాదం చాలా తక్కువ. కరెంటు తీగకు మాత్రం సర్జ్ ప్రొటెక్టరు తప్పనిసరి.

## అంతర్జాల సంధానం

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. దీని తీగలు అధిక భాగం విద్యుత్ స్తంభాల మీదుగానే వేయబడినవి. భూమిని త్రవ్వకుండా తక్కువ ఖర్చుతో గ్రామాలకు చేరుటకు ఇది దోహదపడింది. అయితే తుఫాను గాలికి స్తంభాలు కూలినపుడు విద్యుత్తు, అంతర్జాలం రెండూ ఒకేసారి పోవును. కనుక ఇన్వర్టరు ఉన్నంత మాత్రాన వెలుపలి నుండి సర్వరును చేరగలమని భావించరాదు. అట్టి సమయంలో ఇంటి లోపలి వైఫై ద్వారా అందే సేవలు మాత్రమే పనిచేస్తాయి. ముఖ్యమైన పత్రాల ప్రతి ఇంటిలోనే ఉండవలసిన అవసరం ఇక్కడ స్పష్టమగును.

భారతదేశంలో అనేక సంస్థలు ఒకే బహిరంగ ఐపీ చిరునామాను పలువురు చందాదారులకు పంచుతున్నవి. అందువలన వెలుపలి నుండి ఇంటి సర్వరును నేరుగా చేరుట సాధ్యం కాకపోవచ్చును. ఐపీవీ6 చిరునామా ఉన్నచో ఈ చిక్కు తొలగును. లేనిచో 2020లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ వంటి గుప్త మార్గాన్ని వాడవచ్చును. ఇందుకు రెండు వైపులలో ఒకదానికైనా బహిరంగ చిరునామా ఉండవలెను. సర్వరు రేవులను నేరుగా అంతర్జాలానికి తెరచి ఉంచుట ప్రమాదకరం. గుప్త మార్గం ద్వారా మాత్రమే ప్రవేశం ఇచ్చుట, భద్రతా నవీకరణలను ఎప్పటికప్పుడు చేయుట అవసరం.

## సాఫ్ట్‌వేరు

1993లో ప్రారంభమైన డెబియన్ గృహ సర్వర్లలో విస్తృతంగా వాడబడే లినక్స్ పంపిణీ. ఒకే యంత్రంలో అనేక మిథ్యా యంత్రాలను నడుపుటకు 2008లో వెలువడిన ప్రాక్స్‌మాక్స్, సేవలను వేరువేరు కంటెయినర్లుగా నడుపుటకు 2013లో వచ్చిన డాకర్ ఉపయోగపడతాయి. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు వ్యవస్థ, డిస్కులోని సమాచారం తెలియకుండా చెడిపోయినచో గుర్తించగలదు. రెండవ డిస్కులో ప్రతి ఉన్నచో దానిని సరిచేయగలదు కూడా.

తెలుగు పాఠకులు గమనింపదగిన విషయమొకటి కలదు. యూనికోడ్‌కు ముందు, ఆ తరువాత కూడా అనేక పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పేజ్‌మేకరులో తయారైనవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఈ ఫైళ్ళు అర్థంకాని గుర్తులుగా కనిపించును. ఫైలు భద్రంగా ఉన్నను చదువ వీలులేనిచో భద్రపరచిన ఫలితం ఉండదు. కనుక వాటిని పాత సాఫ్ట్‌వేరు పనిచేయుచుండగానే పీడీఎఫ్‌గాను, వీలైనచో యూనికోడ్ పాఠంగాను మార్చి, మూల ఫైలుతో పాటు ఉంచవలెను.

## బ్యాకప్

అనేక డిస్కులను జతచేసే రైడ్ పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1988లో ప్రచురించిన పత్రంలో వివరించారు. ఒక డిస్కు పాడైనను సేవ ఆగకుండుటకు ఇది తోడ్పడును. అయితే ఇది బ్యాకప్ కాదు. పొరపాటున తొలగించిన ఫైలు రెండు డిస్కులలోనూ తొలగిపోవును. వరద నీరు రెండు డిస్కులనూ ఒకేసారి ముంచును.

బ్యాకప్‌కు 3-2-1 సూత్రం ప్రసిద్ధమైనది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరొక చోట ఉండవలెనని దీని భావం. తీరవాసులకు ఇందులో చివరి అంకె అతి ముఖ్యమైనది. వేరొక చోటు అదే వీధిలోనో పక్క తీరగ్రామంలోనో ఉన్నచో ఒకే తుఫాను రెంటినీ తాకవచ్చును. జిల్లాలోనే పడమటి మెట్ట ప్రాంతాలైన ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఉన్న బంధువుల ఇల్లు, లేదా హైదరాబాదు, బెంగళూరులలో ఉన్న కుటుంబ సభ్యుల ఇల్లు ఇందుకు తగినది. అక్కడ ఒక ఒంటి పలక కంప్యూటరు, ఒక డిస్కు సరిపోవును.

సెకనుకు 30 మెగాబిట్ల వేగంతో ఒక టెరాబైటు పంపుటకు సుమారు 74 గంటలు పట్టును. అందువలన మొదటి ప్రతిని ఇంటిలోనే డిస్కుపై వ్రాసి తీసుకొనిపోయి, ఆ తరువాత మారిన భాగాలను మాత్రమే నెట్‌వర్కు ద్వారా పంపుట అనుకూలం. రెస్టిక్, బోర్గ్ అనే సాఫ్ట్‌వేర్లు సమాచారాన్ని గుప్తపరచి పంపుతాయి గనుక ప్రతిని ఉంచుకొన్నవారు సైతం దానిని చదువలేరు. గుప్తపదాన్ని కాగితంపై వ్రాసి కుటుంబంలో ఇంకొకరికి తెలిసిన చోట ఉంచవలెను. నిర్వహించే వ్యక్తికి ఏదైనా జరిగినచో ఆ ఒక్క పదం లేక కుటుంబ ఫోటోలన్నీ అందకుండా పోవచ్చును. ఆరు నెలలకొకసారి బ్యాకప్ నుండి కొన్ని ఫైళ్ళను తిరిగి తెచ్చి తెరచి చూడవలెను.

## తుఫాను సమయంలో

నెల్లూరు తీరానికి తుఫానుల ప్రమాదం పాతదే. 1989 నవంబరు 9న గే తుఫాను కావలి సమీపాన తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరాన్ని తాకింది. 2015 నవంబరులో భారీ వర్షాలు జిల్లాను ముంచెత్తినవి. 2020 నవంబరులో నివర్ తుఫాను పుదుచ్చేరి వద్ద తీరం దాటినను నెల్లూరు జిల్లాలో భారీ వర్షాలు కురిసినవి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిగ్‌జాం తుఫాను కూడా జిల్లాను తాకింది.

భారత వాతావరణ శాఖ తుఫాను సూచనలను దశలవారీగా ఇస్తుంది. వాటిని అనుసరించి సర్వరు పనులను ఈ విధంగా విభజించుకొనవచ్చును.

* 72 గంటల ముందు, తొలి సూచన వెలువడినపుడు: దూరపు బ్యాకప్ తాజాగా ఉన్నదో లేదో చూడవలెను. ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు సరిచూడవలెను.
* 48 గంటల ముందు, అప్రమత్తత సూచన వెలువడినపుడు: ముఖ్యమైన పత్రాల ప్రతిని పెన్‌డ్రైవులోనికి, ఫోనులోనికి ఎక్కించి, పెన్‌డ్రైవును నీరు చొరని సంచిలో ఉంచవలెను. సర్వరు నేలకు దగ్గరగా ఉన్నచో పై గూటికో మిద్దెపై గదికో మార్చవలెను.
* 24 గంటల ముందు, హెచ్చరిక వెలువడినపుడు: అనవసర సేవలను ఆపివేయవలెను. బ్యాటరీని ఫోన్ల ఛార్జింగుకు, దీపాలకు మిగుల్చుకొనవలెను.
* గాలి తీవ్రమైనపుడు: సర్వరును సక్రమంగా ఆపి, విద్యుత్తు తీగను, నెట్‌వర్కు తీగను గోడ నుండి ఊడదీయవలెను.

ఊరు ఖాళీ చేయవలసినదిగా అధికారులు కోరినచో యంత్రం కొరకు ఆగరాదు. దూరపు ప్రతి ఉన్న కుటుంబానికి అట్టి అవసరం కూడా ఉండదు. తీరాన సర్వరును ఒక రోజు పోగొట్టుకొనవలసి వచ్చునన్న తలంపుతోనే నిర్మించుకొనవలెను.

నీటిలో మునిగిన యంత్రానికి వెంటనే విద్యుత్తు ఇవ్వరాదు. ఉప్పునీరు చేరిన బోర్డును బ్యాటరీ తొలగించి, మొదట డిస్టిల్డ్ వాటరుతోను, పిమ్మట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోను కడిగి, కొన్ని రోజులు ఆరబెట్టిన తరువాతనే పరీక్షించవలెను. మునిగిన హార్డ్ డిస్కును మాత్రం ఇంటిలో తెరువక నిపుణులకు అప్పగించవలెను.

## చట్టపరమైన అంశాలు

వ్యక్తిగత లేదా గృహ అవసరాలకు ఒక వ్యక్తి చేసుకొనే సమాచార నిర్వహణకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తించదు. అదే సర్వరుపై ఇతరులకు వ్యాపార సేవలు అందించినచో ఈ మినహాయింపు ఉండదు. పాడైన బోర్డులను, బ్యాటరీలను చెత్తలో కలుపరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన పునర్వినియోగ సంస్థలు పాడైన బోర్డులను సేకరిస్తాయి. డిస్కును ఇచ్చివేయుటకు ముందు దానిలోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయవలెను.

## ఇవి కూడా చూడండి

* లినక్స్
* రాస్ప్‌బెర్రీ పై
* తెలుగు వికీపీడియా
* ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్
* శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా
* మైపాడు
* తుఫాను